కంట్లో ఇంజెక్షన్ ఎందుకు వేస్తారు? ఒక్కటి వేయించుకుని ఆపేస్తే ఏమవుతుంది?

మా చిన్న మామూ రియాద్‌లో డ్రైవర్. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. రెండు నెలల ఛుట్టీ మీద ఇంటికొచ్చినప్పుడు, కుడి కంటి ముందు మసి తేలుతున్నట్టు కనిపిస్తోందని చెప్పాడు. ముందు కళ్లద్దాల నంబరు మారిందేమో అనుకున్నాం. తర్వాత మోతియాబింద్ ఏమో అనుకున్నాం. చివరికి నిజామాబాద్‌లో ఒక కంటి డాక్టరుకు చూపిస్తే, "కంటి లోపలి పొర మీద కొత్త రక్తనాళాలు పుట్టాయి, ఇంజెక్షన్ వేయాలి" అన్నారు. వేశారు. మూడు వారాల్లో చూపు తేటపడింది. మామూ సంతోషంగా ఫ్లయిట్ ఎక్కాడు. ఎనిమిది నెలల తర్వాత ఫోన్ వచ్చింది, ఆ కన్ను మొత్తం చీకటైపోయిందని.

మందు తప్పుది కాదు. అది పనిచేసింది కూడా. మళ్లీ రావాలని డాక్టరు చెప్పే ఉంటారు, చీటీ మీద రాసే ఉంటారు. అది ఎంత ముఖ్యమో మాలో ఎవరికీ అర్థం కాలేదు. ఈయన రెండు నెలల్లో సౌదీ వెళ్లిపోతాడు అన్న మాట మేమూ డాక్టరుకు చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఇలాజ్ వేరేగా ఉండేది. ఎందుకో తెలియాలంటే ఈ జబ్బు ఏమిటో, ఆ మందు కంట్లో ఏం చేస్తుందో కొంచెం తెలుసుకోవాలి.

బస్తీలో నీళ్ల పైపు లాంటి కథ

కంటి వెనక గోడకు లోపలి వైపు పల్చటి పొర ఒకటి అతుక్కుని ఉంటుంది. అదే రెటీనా. మనవాళ్లు "కంటి నరం దెబ్బతింది" అని చెప్పేది చాలాసార్లు దీని గురించే. కెమెరాకు ఫిల్మ్ ఎలాగో కంటికి ఇది అలాగ. దీని మధ్యలో చిన్న చుక్కంత చోటు ఉంటుంది, మాక్యులా అంటారు. అక్షరాలు చదవడం, మనిషి ముఖం గుర్తుపట్టడం, సూదిలో దారం ఎక్కించడం, అన్నీ ఆ కాస్త చోటు చలవే.

ఈ పొరకు ఆక్సిజన్ ఆకలి చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే అక్కడి సన్నటి రక్తనాళాలు దెబ్బతిని, కొన్ని కారతాయి, కొన్ని మూసుకుపోతాయి. రక్తం అందని కణాలు ఊరుకోవు. "మాకు కొత్త నాళాలు కావాలి" అని ఒక రసాయన కబురు పంపిస్తాయి. ఆ కబురు మోసే ప్రొటీన్ పేరు వీఈజీఎఫ్. అది అందగానే కొత్త నాళాలు మొలుస్తాయి.

ఆకలేసింది, నాళాలు వచ్చాయి, మంచిదే కదా అనిపిస్తుంది. బస్తీలో మెయిన్ పైపు మూసుకుపోతే జనం ఏం చేస్తారు? ఎవరికి వాళ్లు సన్న పైపులు లాక్కుంటారు. నాలుగు రోజులకు అవి ప్రతి కీలు దగ్గరా కారతాయి, గల్లీ అంతా బురద. కంట్లోనూ అంతే. ఈ కొత్త నాళాల గోడలు బలంగా ఉండవు. కంటి లోపలి జిగురు లాంటి ద్రవంలోకి అవి రక్తం చిమ్మితే మామూకు కనిపించినట్టు మసి, సాలెగూడు, నల్ల దారాలు కనిపిస్తాయి. అన్నిటికంటే చెడ్డది ఇంకోటి ఉంది. ఈ నాళాల వెంట మచ్చ కణజాలం పెరిగి, అది ముడుచుకుంటూ రెటీనాను గోడ నుంచి లాగేస్తుంది. గోడకు అంటించిన కాగితం ఊడొచ్చినట్టు. దెబ్బతిన్న నాళాలు కారి మాక్యులా ఉబ్బితే మాత్రం మసి ఉండదు, చదివే చూపు మందగిస్తుంది. దానికీ వెనక ఉండేది ఈ వీఈజీఎఫ్ కబురే.

ఇది షుగర్ ఒక్కదానితోనే రాదు. వయసు మీద పడ్డాక కొందరిలో రెటీనా కింది పొర నుంచి నాళాలు పైకి పొడుచుకొస్తాయి. అప్పుడు తిన్నగా ఉండాల్సిన తలుపు చౌకట్టు, టైల్స్ గీతలు వంకరగా కనిపిస్తాయి. నానీనో దాదానో "ఖురాన్ చదువుతుంటే సతర్ వంకర పోతోంది, మధ్యలో అక్షరం మాయమవుతోంది" అంటే వయసైంది కదా అని వదిలేయకండి. ఒక్కో కన్ను మూసి అడిగి చూడండి. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల్లోనూ ఇలాంటి నాళాలే వస్తాయి. 34 వారాలకు ముందు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువ బరువున్నా, 30 రోజుల లోపల రెటీనా పరీక్ష జరగాలి. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే చిల్లా అయ్యాక చూద్దాంలే అని ఆగొద్దు, నలభై రోజులంటే ఆలస్యమే.

మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ 2023లో లెక్క చెప్పింది. అందరికీ కన్ను పాడవదు. కానీ పాడయ్యేవాళ్లకు మొదట్లో నొప్పి ఉండదు, మంట ఉండదు, చూపు కూడా బాగానే ఉంటుంది. అందుకే టైప్ 2 షుగర్ అని తెలిసిన రోజు నుంచే ఏడాదికోసారి కంటి పాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపల చూడాలంటారు.

మాత్ర ఎందుకు కాదు, చుక్కలు ఎందుకు కావు

"కంట్లో సూదా? మందు మింగితే పోదా?" ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఇదే. సబబైన ప్రశ్న కూడా.

చుక్కలు వేస్తే కన్నీళ్లు నిమిషాల్లో కడిగేస్తాయి. మిగిలింది కంటి ముందు భాగంలోనే ఆగిపోతుంది. జబ్బేమో వెనక గోడ మీద ఉంది. ఈ మందు అణువులు కూడా పెద్దవి, కంటి పై పొరల్లోంచి దూరలేవు. మింగితే కడుపు వాటిని తిండిలాగే అరిగించేస్తుంది. రక్తంలోకి ఎక్కిద్దామా అంటే, మెదడుకు ఉన్నట్టే కంటికీ ఒక కాపలా ఉంది. రక్తంలో ఉన్న ప్రతిదాన్నీ రెటీనాలోకి రానివ్వదు. ఆ కాపలాను దాటేంత ఎక్కువ మందు ఇస్తే ఒళ్లంతా దాని పాలవుతుంది. పైగా వీఈజీఎఫ్ ఒంటికి అవసరమైనదే. గాయం మానాలన్నా, గుండెకూ కిడ్నీలకూ రక్తం సరిగ్గా నడవాలన్నా అది కావాలి. ఒక్క కన్ను కోసం ఒళ్లంతా దాన్ని ఆపకూడదు.

అవాస్టిన్ అనే మందు లెక్క చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అది అసలు పేగు క్యాన్సర్ కోసం 2004లో అమెరికాలో వచ్చింది. 60 కిలోల మనిషికి కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున నరంలోకి ఎక్కిస్తే 300 మిల్లీగ్రాములు. అదే మందు కంటికి 1.25 మిల్లీగ్రాములు చాలు, అంటే 240వ వంతు. ఒక మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు, ఓ చిన్న చుక్క. ఇంత తక్కువ ఎందుకు సరిపోతుందంటే, మందును తిన్నగా జబ్బున్న గదిలోకే పంపుతున్నాం కాబట్టి.

క్యాన్సర్ మందు కంట్లోకి ఎలా వచ్చిందన్నదీ చెప్పుకోవాలి. గడ్డలు కొత్త రక్తనాళాలు తెచ్చుకునే పెరుగుతాయని, వాటిని ఆపితే గడ్డ ఎండిపోతుందని జూడా ఫోక్‌మన్ అనే సర్జన్ 1971లో రాస్తే చాలామంది నమ్మలేదు. 1989లో నెపోలియోన్ ఫెరారా అనే శాస్త్రవేత్త వీఈజీఎఫ్‌ను విడదీసి పట్టుకున్నారు. దాన్ని అడ్డుకునే యాంటీబాడీగా అవాస్టిన్ తయారైంది. కంటి కోసం అదే కంపెనీ లూసెంటిస్ అనే మరో మందు తయారు చేస్తుండగా, అది మార్కెట్లోకి వచ్చేలోపే మయామీలో డాక్టర్ ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ 2005లో అవాస్టిన్‌నే కొద్దిగా తీసి కంట్లో వేసి చూశారు. వాపు తగ్గింది. ఆ సంగతి ప్రపంచమంతా పాకింది. లూసెంటిస్ 2006లో వచ్చింది, ధర చాలా ఎక్కువ. వయసుతో వచ్చే జబ్బులో చూపు విషయంలో రెండూ సమానమేనని అమెరికా ప్రభుత్వ డబ్బుతో జరిగిన పరీక్ష 2011లో తేల్చింది. మన దేశంలో లూసెంటిస్‌కు సాటి మందు రజుమాబ్ పేరుతో 2015లో వచ్చింది. కాబట్టి డాక్టరు చౌక మందు రాస్తే నాసిరకం రాశాడని అనుకోవద్దు.

సూది ఎలా వేస్తారు

వినడానికే భయం, నిజమే. జరిగేది మాత్రం చాలా చిన్న పని. చుక్కలతో కన్ను మొద్దుబారేలా చేస్తారు. అయోడిన్ మందుతో కడుగుతారు. రెప్ప మూసుకోకుండా చిన్న క్లిప్ పెడతారు. నల్లగుడ్డు అంచు నుంచి దాదాపు 4 మిల్లీమీటర్ల దూరంలో, తెల్లగుడ్డులోంచి, వెంట్రుకంత సన్నని సూదితో మందు వదులుతారు. సూది లోపల ఉండేది కొన్ని సెకన్లే. మామూ మాటల్లో చెప్పాలంటే "క్లిప్ పెట్టడమే ఇబ్బంది, సూది తెలియనే లేదు."

కంట్లో సూది కొత్త సంగతి కూడా కాదు. వెయ్యేళ్ల క్రితం మోసుల్‌లో పుట్టి ఈజిప్టులో పనిచేసిన అమ్మార్ ఇబ్న్ అలీ అల్ మౌసిలీ అనే కంటి వైద్యుడు, లోపల బోలుగా ఉన్న సూదితో మోతియాబింద్‌ను పీల్చి తీసే పద్ధతిని తన కితాబులో రాసిపెట్టాడు. మొద్దుబార్చే చుక్కలు లేని కాలంలో!

ఇంజెక్షన్ తర్వాత తెల్లగుడ్డు మీద ఎర్ర మచ్చ పడటం, ఒకట్రెండు రోజులు నల్ల బుడగలు తేలడం మామూలే. భయపడాల్సింది ఇన్ఫెక్షన్ గురించి. అది రెండు మూడు వేల ఇంజెక్షన్లకు ఒకటి వస్తుంది. తక్కువే, కానీ వస్తే కన్ను పోవచ్చు. మొదటి వారంలో నొప్పి పెరుగుతున్నా, కన్ను ఎర్రబడుతున్నా, చూపు తగ్గుతున్నా పొద్దున చూద్దాం అనకుండా ఆ రాత్రే డాక్టరు దగ్గరికి పోవాలి. అవాస్టిన్ క్యాన్సర్ కోసం పెద్ద సీసాలో వస్తుంది, దాన్ని చిన్న చిన్న సిరంజీల్లోకి పంచుతారు. పంచే చోట శుభ్రత లేకపోతే మందు మంచిదైనా ముప్పే. 2023లో పాకిస్తాన్ పంజాబ్‌లో కలుషితమైన ఇంజెక్షన్లతో పదుల సంఖ్యలో జనం కన్ను పోగొట్టుకున్నారు. సిరంజీ ఎక్కడ నింపారు అని అడగడం అమర్యాద కాదు.

చోటు సరిగ్గా దొరికింది, టైమ్ దొరకలేదు

ఇక మామూ సంగతికొద్దాం. మందు సరిగ్గా కంట్లోకే వెళ్లింది, సరిగ్గా వీఈజీఎఫ్‌నే పట్టుకుంది. కానీ కన్ను దాన్ని దాచిపెట్టుకోదు. వారం పది రోజులకోసారి సగం చొప్పున కరిగిపోతుంది. నెల తిరిగేసరికి దాదాపు పదో వంతు మిగులుతుంది. నాళాలు మూసుకుపోయిన రెటీనా మాత్రం ఆకలితో అలాగే ఉంది. మందు పోగానే మళ్లీ కబురు పంపిస్తుంది. అందుకే మొదట నెలకొకటి చొప్పున కొన్ని వేసి, తర్వాత స్కాన్ చూసుకుంటూ మధ్య గడువు పెంచుకుంటూ పోతారు. మొదటి ఇంజెక్షన్‌తో చూపు తేటపడటమే మనల్ని మోసం చేస్తుంది. బాగైపోయింది కదా, ఇంకెందుకు అనిపిస్తుంది.

షుగర్ వల్ల కొత్త నాళాలు పుట్టిన దశకు పాత ఇలాజ్ ఒకటి ఉంది, లేజర్. రెటీనా అంచుల్లో వందల చిన్న చుక్కలుగా కాలుస్తారు. అంచుల ఆకలి తగ్గుతుంది, కబురు ఆగుతుంది, నాళాలు వాడిపోతాయి. రాత్రి చూపు, పక్క చూపు కాస్త తగ్గే నష్టం ఉంది. ఇంజెక్షన్ కూడా లేజర్‌కు తీసిపోదని 2015లో అమెరికాలో పెద్ద పరీక్ష తేల్చింది. అయితే ఆ పరీక్షలో పేషెంట్లను పిలిచి పిలిచి రప్పిస్తారు. నిజ జీవితంలో రాకుండా పోతే? ఫిలడెల్ఫియా డాక్టర్లు ఆరు నెలలకు పైగా కనిపించకుండా పోయి తిరిగొచ్చిన పేషెంట్ల కళ్లను పోల్చి, 2019లో ఆ లెక్క ప్రచురించారు. లేజర్ చేయించుకుని మాయమైనవాళ్ల కంటే, ఇంజెక్షన్ మాత్రమే వేయించుకుని మాయమైనవాళ్లలో రెటీనా ఊడిపోవడం చాలా ఎక్కువగా ఉంది. మామూకు జరిగింది అచ్చం ఇదే.

గల్ఫ్ నుంచి ఛుట్టీ మీద వచ్చి ఇలాజ్ చేయించుకునేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది! డాక్టరు గదిలో కూర్చోగానే చెప్పండి: ఫలానా తేదీన వెళ్లిపోతున్నాను, మళ్లీ ఏడాదికి గానీ రాను, అక్కడ చూపించుకునే వీలు ఉంది, లేదా లేదు. అప్పుడు డాక్టరు లేజర్ చేయాలా, రెండూ చేయాలా, వెళ్లే లోపల ఎన్ని సిట్టింగులు పూర్తి చేయాలా అని ఆలోచిస్తారు. మాక్యులా వాపుకు ఇంజెక్షనే ముఖ్యం కాబట్టి, అక్కడ కొనసాగించడానికి స్కాన్ కాగితాలు, వేసిన మందు పేరు, తేదీలు రాయించి తీసుకెళ్లండి. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకున్నా చాలు. డబ్బు ఇబ్బంది ఉన్నా సిగ్గుపడకుండా అదే మాట చెప్పండి. నాలుగు ఖరీదైన ఇంజెక్షన్లలో ఒకటి వేయించుకుని ఆపేయడం కంటే, నాలుగూ చౌక మందుతో పూర్తి చేయడం మేలు.

రంజాన్ సంగతి కూడా. రోజా ఉందని తేదీ వాయిదా వేసుకునేవాళ్లు ఉన్నారు. కంటి చుక్కలు, పోషకం ఎక్కించని ఇంజెక్షన్లు రోజాను భంగం చేయవని జెద్దాలో 1997లో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. మీ మస్‌లక్ ప్రకారం మీ ముఫ్తీ సాబ్‌ను అడిగి తెలుసుకోండి. అడగకుండానే తేదీ దాటేయకండి.

టైమ్ కోసం వెతుకులాట

ఈ ఇరవై ఏళ్లుగా శాస్త్రవేత్తలు ఎక్కువగా కుస్తీ పడుతున్నది దీనితోనే. 2022లో అమెరికాలో వబిస్మో వచ్చింది. వీఈజీఎఫ్‌తో పాటు నాళాలను వదులు చేసే ఇంకో కబురును కూడా పట్టుకుంటుంది, కొందరికి నాలుగు నెలల దాకా గడువు దొరుకుతుంది. సుస్విమో అనేది బియ్యపు గింజంత డబ్బా. ఆపరేషన్ చేసి కంటి గోడలో అమరుస్తారు, లోపలి మందు నెమ్మదిగా ఊరుతుంది, ఆరు నెలలకోసారి పైనుంచే నింపుతారు. 2021 అక్టోబరులో అనుమతి దొరికింది. ఏడాది తిరగకముందే కొన్నిటి మూత ఊడుతోందని కంపెనీయే వెనక్కి తీసుకుంది, సరిచేసి 2024లో మళ్లీ తెచ్చింది. నెలనెలా సూదితో పోలిస్తే దీనితో ఇన్ఫెక్షన్ ముప్పు దాదాపు మూడు రెట్లు. సౌకర్యానికి ఆ ధర ఉంది మరి.

నాకు బాగా ఆసక్తి అనిపించేది వెలుతురుతో మందుకు దారి చూపించడం. ఇది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. 2000లో వచ్చిన వెర్టెపోర్ఫిన్ అనే మందును చేతి నరంలోకి ఎక్కించి, కంట్లో చెడ్డ నాళాలున్న చోట మాత్రమే 83 సెకన్లు ఎర్ర కాంతి వేస్తారు. కాంతి పడ్డ చోటే మందు మేల్కొని నాళాన్ని మూస్తుంది. మిగతా ఒంట్లో నిద్రపోతూనే ఉంటుంది. అయితే పేషెంటు ఐదు రోజులు ఎండలోకి రాకూడదు, వస్తే చర్మంలో ఉన్న మందు కూడా మేల్కొంటుంది!

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డేనియల్ కొహానే బృందం దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో మందు నింపి, వాటి మీద కణాలకు తగులుకునే కొక్కేలు అమర్చారు. ఆ కొక్కేలకు టోపీలు తొడిగారు. టోపీ ఉన్నంత సేపు గుళిక రక్తంలో ఎక్కడా తగులుకోకుండా తిరుగుతుంది. కంటి మీద నీలి కాంతి వేస్తే అక్కడ టోపీలు ఊడి, గుళికలు ఆ చెడ్డ నాళాలకే పట్టుకుంటాయి. కంట్లో సూది లేదు, చేతికి ఇంజెక్షన్, కంటికి దీపం. 2019లో వచ్చిన ఆ ఫలితాలు ఎలుకల మీద చేసినవి. కంటి కణాలే స్వయంగా మందు తయారు చేసుకునేలా చేసే జీన్ థెరపీ మాత్రం మనుషుల మీద పరీక్షల దాకా వచ్చింది.

వీటి కోసం ఎదురుచూస్తూ ఈ నెల ఇంజెక్షన్ మానేయడానికి మాత్రం లేదు.

మామూ కుడి కంటికి హైదరాబాద్‌లో పెద్ద ఆపరేషన్ చేశారు. పొర తిరిగి అతుక్కుంది, చూపు మాత్రం చేతి నీడ కనిపించేంతే. స్టీరింగ్ వదిలేసి ఇప్పుడు అదే కంపెనీ గోడౌన్‌లో లెక్కలు చూస్తున్నాడు. ఎడమ కంట్లోనూ నాళాలు మొదలయ్యాయని ఆ ఆపరేషన్ అప్పుడే తెలిసింది. ఈసారి ముమానీయే డాక్టరుతో తిరుగు టికెట్ తేదీ ముందుగా చెప్పింది. వెళ్లే లోపల మూడు సిట్టింగుల్లో లేజర్ పూర్తి చేశారు. మూడు నెలలకోసారి రియాద్‌లోనే చూపించుకుంటున్నాడు. ఆ తేదీలు ఇక్కడ వంటింటి క్యాలెండర్ మీద ఉన్నాయి. ముందు రోజు రాత్రి ముమానీ ఫోన్ చేసి గుర్తు చేస్తుంది.